సూర్యుణ్ణి వదిలిపెట్టి చూడడం

ఎర్రగుంట్ల దాటి నాపరాయి గనుల మీదుగా పోతే ఒక బోడి మెట్ట వస్తుంది. యాభైల చివరి సంవత్సరాల్లో నేను ఉద్యోగం చేసిన స్టేషను ఆ మెట్ట మీద ఉండేది. సూర్యుడి మీద కనిపించే మచ్చలను రోజూ ఉదయం గీసి, వాటి స్థానాలు లెక్కగట్టి, దూరాన కొండ మీద ఉన్న పెద్ద కార్యాలయానికి పంపడం మా పని. బండలు పరిచిన మిద్దె ఒకటి, దానికి కాస్త ఎడంగా రేకుల కప్పు వేసిన చిన్న గది ఒకటి. ఆ రేకులను పట్టాల మీద పక్కకు తోస్తే లోపలి టెలిస్కోపుకు ఆకాశం తెరుచుకునేది.

కడప జిల్లాలో మబ్బు లేని రోజులు ఎక్కువ కాబట్టి స్టేషనును అక్కడ పెట్టారు. చుట్టుపక్కల రైతులు మబ్బు కోసం ఆకాశం వైపు చూసేవాళ్ళు. మేము మబ్బు రాకూడదని చూసేవాళ్ళం. ఈ సంగతి బయట ఎక్కడా అనేవాళ్ళం కాదు.

మా పని ఏమిటో గనుల్లో అందరికీ తెలుసు. నేను సైకిలు తోసుకుంటూ మెట్ట ఎక్కుతుంటే బండలు కొట్టే ఒకాయన ఉలి ఆపి పలకరించేవాడు.

"ఏమప్పా, సూర్యుని మచ్చలు లెక్కబెట్టేదానికి సర్కారు నీకు జీతమిస్తాదంట గదా! మా ఎద్దుకు గూడా ఒళ్ళంతా మచ్చలే ఉండాయి. దాన్ని గూడా రాసుకోని పో!"

"మీ ఎద్దు తిరగదు కదన్నా. సూర్యుడు తిరుగుతాడు" అనేవాణ్ణి.

"మా ఎద్దు తిరగదా? గానుగకు కట్టినప్పుడు వచ్చి చూడు" అని పక్కవాళ్ళను నవ్వించేవాడు.

నేను ఆదోని వైపు పల్లెవాణ్ణి. కర్నూలు రాజధానిగా ఉండి, ఆఫీసులు గుడారాల్లో నడిచిన రోజుల్లో అక్కడి కాలేజీలో లెక్కలు చదువుకున్నాను. స్టేషనుకు పెద్ద రాజంపేట వైపు మనిషి. యాభై దాటిన వయసు, పొడుగైన వేళ్ళు, ఎప్పుడూ పై జేబులో రెండు పెన్సిళ్ళు. ఆయనను నేను సార్ అనేవాణ్ణి. ఆయనా ఆయన భార్యా మిద్దె వెనక గదుల్లో కాపురముండేవారు. వాళ్ళకు పిల్లలు లేరు. ఇంకొక మనిషి కర్నూలు పాతబస్తీ నుంచి వచ్చిన సాయిబు. రేకులు తొయ్యడం, అద్దాలు తుడవడం, గడియారానికి కీ ఇవ్వడం అతని పనులు. గనుల దుమ్ము అతనికి జన్మ శత్రువు.

మేము సూర్యుణ్ణి నేరుగా చూసేవాళ్ళం కాదు. టెలిస్కోపు వెనకవైపు ఒక పలక బిగించి, దానికి తెల్ల కాగితం పెట్టి, చుట్టూ నల్లగుడ్డ కప్పితే, కాగితం మీద సూర్యబింబం జొన్నరొట్టె అంత వెడల్పున పడేది. ఆ బింబంలో మచ్చలు ఎక్కడున్నాయో అక్కడే పెన్సిలుతో గుర్తులు పెట్టాలి. పొద్దు పొడిచిన కొంతసేపటికే ఈ పని అయిపోవాలి. ఎండ ముదిరి బండలు కాగితే గాలి కదిలి బొమ్మ ఉడుకుతుంది. చిన్న మచ్చలు ఆ ఉడుకులో పోతాయి.

సార్ ఒక నియమం పెట్టారు. గీసేవాడు లెక్క వెయ్యకూడదు, లెక్క వేసేవాడు గీయకూడదు. నిన్నటి మచ్చ ఈరోజుకు ఎంత జరగాలో లెక్కవేసిన మనిషికి తెలుసు. తెలిసినవాడి కన్ను అది ఉండాల్సిన చోటనే దాన్ని చూస్తుంది. అందుకని ఆయన గీసేవారు, నేను మిద్దెలో బల్ల దగ్గర కూర్చుని లాగరిథం పట్టికలతో స్థానాలు కట్టేవాణ్ణి. ఇంకొక కారణం కూడా ఉంది. ఒకే బింబాన్ని చూసి ఇద్దరు మనుషులు ఒకే లెక్క చెప్పరు. ఏళ్ళ తరబడి ఒకే కన్ను చూస్తేనే సూర్యుడిలో వచ్చిన మార్పు సూర్యుడిదని నమ్మవచ్చు.

సార్ కన్నుకు పేరుంది. చిన్న మచ్చలు, ఒక పూట పుట్టి మరునాటికి పోయేవి, ఆయనకు కనపడినన్ని వేరే ఏ స్టేషనుకూ కనపడేవి కావు. "చిన్నదాన్ని గుచ్చి చూడకూడదప్పా. పెద్ద మచ్చ మీద చూపు నిలిపి, పక్క చూపుతో పట్టుకోవల్ల. గుచ్చి చూస్తే పారిపోతాది" అనేవారు. ఆ ఏడాది సూర్యుడి మీద మచ్చలు విపరీతంగా ఉన్నాయి. ప్రపంచమంతటా సూర్యుణ్ణి కలిసికట్టుగా చూస్తున్న కాలం అది. మా స్టేషను చిత్రాలను వరుసగా ఒక సంపుటంగా అచ్చు వేస్తామని పెద్ద కార్యాలయం నుంచి కబురు వచ్చింది. సార్ ఆ ఉత్తరాన్ని నాకు చూపించి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. ఆయనకు అంతకన్నా వేరే కోరిక ఉన్నట్టు నాకు ఎప్పుడూ తోచలేదు.

ఆ మాఘమాసంలో టెలిస్కోపును సూర్యుడి వెంట నడిపించే గడియారంలో పళ్ళచక్రం విరిగింది. కొత్తది మద్రాసు నుంచి రావాలి. అంతవరకు సార్ గీస్తుంటే ఒకరు పక్కన నిలబడి టెలిస్కోపును కదిపే మరను చేత్తో తిప్పుతూ బింబం కదలకుండా చూడాలి. సాయిబు తిప్పితే బింబం కాగితం మీద కోడిపిల్లలా గెంతేది. చివరికి నియమం పక్కన పెట్టి సార్ నన్నే లోపలికి పిలిచారు.

"మర మీదనే చూపు పెట్టు. బొమ్మ పక్క చూడొద్దు" అన్నారు.

బింబం జరిగిందో లేదో చూడకుండా మర తిప్పడం ఎవరివల్లా కాదు. నేను చూశాను. కొన్నాళ్ళు గడిచాక ఒక ఉదయం, ఒక పెద్ద మచ్చకు కుడివైపు, కాస్త పైన, వడ్లగింజంత దూరంలో ఆయన పెన్సిలు మొన ఆనించి ఒక చుక్క పెట్టారు. అక్కడ బింబం మీద ఏమీ లేదు.

నాకు మొదట నా కంటి మీదే అనుమానం వచ్చింది. రెండుమూడుసార్లు రెప్పలాడించి చూశాను. చివరికి అన్నాను.

"సార్, ఆడ నాకేమీ కనపడలేదు."

"నీకప్పుడే కనపడదులే. కన్ను మాగల్ల" అన్నారు. కానీ పద్ధతి గల మనిషి. అనుమానం అన్న మాట వినపడితే దాన్ని తేల్చకుండా ముందుకు పోరు. "అయినా చూస్తాం" అని పరీక్షలు మొదలుపెట్టారు.

పరీక్షలు మూడు. మొదటిది, కాగితాన్ని జరపడం. మరక అయితే కాగితంతోపాటు జరుగుతుంది. జరగలేదన్నారు. రెండవది, కంటివైపు ఉండే చిన్న అద్దాన్ని తిప్పడం. దుమ్ము అయితే అద్దంతోపాటు గుండ్రంగా తిరుగుతుంది. తిరగలేదన్నారు. అయినా సాయిబును కేకవేశారు.

"ఏం సాయిబూ, అద్దం తుడిచినావా, లేకుంటే నీ గడ్డంతో రుద్దినావా?"

"తుడిచినా సాబ్! ఒక్క రేణువు ఉండాదంటే దాన్ని నా నోట్లో వెయ్యండి, మింగేస్తా" అన్నాడు సాయిబు బయటినుంచి.

మూడవది అసలు పరీక్ష. దాన్ని మేము సూర్యుణ్ణి వదిలిపెట్టడం అనేవాళ్ళం. మర తిప్పడం ఆపేస్తే బింబం తనంతట తాను కాగితం మీద పడమటికి జరిగిపోతుంది. నిజమైన మచ్చ సూర్యుడితో పాటే పోతుంది. నేను మర వదిలాను. సార్ వంగి పెద్ద మచ్చనే చూస్తూ, దాని వెంట తల తిప్పుతూ పోయారు.

"ఇదిగో, పోతాంది. పెద్దదాని పక్కనే ఇదీ పోతాంది. చూసినావా? సూర్యునిదే" అన్నారు. ఆ మాటలో గర్వం కూడా లేదు, పని తీరిన నెమ్మది మాత్రం ఉంది. నేను మళ్ళీ మర పట్టుకున్నాను. ఆయన కన్ను ఎన్నో ఏళ్ళుగా సూర్యుణ్ణి చూసిన కన్ను. నాది పట్టికలు చూసిన కన్ను.

ఆ తరువాత కూడా అప్పుడప్పుడు అటువంటి చుక్కలు పడ్డాయి. మళ్ళీ అడగలేదు. రాత్రిపూట డైరీలో ఆ ఉదయం నాకు కనపడనిది ఏదైనా ఉంటే ఉందని మాత్రం రాసుకున్నాను.

ఉగాది వచ్చింది. సూర్యుడికి పండుగ సెలవు లేదు కనుక మాకూ లేదు. పొద్దున పని అయ్యాక సార్ భార్య నన్ను భోజనానికి ఉండమన్నారు. ఆమెను నేను అమ్మా అనేవాణ్ణి. ఆ ఇంట్లోనూ, మా ఇంట్లోనూ, ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా రోజువారీ తిండి రాగిసంగటి, లేకపోతే జొన్నరొట్టె. వరి అన్నం పండుగలకే. ఆ రోజు ఆమె పూర్ణం పెట్టి ఓళిగలు చేసి, సన్నబియ్యం అన్నం వండి, విస్తళ్ళలో తెల్లగా వడ్డించారు. నేనూ సార్ ఎదురెదురుగా కూర్చున్నాం.

సార్ చారు పోయించుకోకముందే అన్నంలో వేలు పెట్టి దేన్నో తీసి పక్కన వేశారు. మళ్ళీ తీశారు. మళ్ళీ.

"ఏముంది ఆడ?" అన్నారామె.

"రాళ్ళు ఏరలేదా నువ్వు? నల్లగా ఏందో ఉండాది."

"నిన్న సాయంత్రమంతా చాటలో పోసుకోని ఏరినా. యాడుంది రాయి, చూపించు." ఆమె వంగి విస్తరి పక్కన చూశారు. అక్కడ ఉన్నవి మూడునాలుగు తెల్లని మెతుకులే. ఆమె నా వైపు తిరిగి నవ్వారు. "చూడు నాయనా మీ సారును! సూర్యునిలో మచ్చలేరి ఏరి, ఇప్పుడు అన్నంలో లేని మచ్చలేరుతాండాడు. సంగటి పెట్టిన దినం ఈ యెతలు లేవు, తల వంచుకోని తింటాడు. తెల్లన్నం పెడితే వంకలు."

నేను నవ్వబోయి సార్ వైపు చూశాను. ఆయన చెయ్యి విస్తరి మీద ఆగిపోయింది. అన్నాన్ని చూస్తున్నారు. తరువాత చూపు మెల్లగా ఎడమకు జరిపారు. తరువాత కుడికి. ఇంకా పైకి, సున్నం కొట్టిన గోడ మీదికి. చూపు ఎక్కడ ఆగితే అక్కడ ఆయన ముఖం ఒక్క క్షణం ఆగింది.

"చారు పొయ్యి" అన్నారు భార్యతో.

విస్తట్లో ఉన్నదంతా తిన్నారు. ఓళిగ కూడా వదలలేదు. చెయ్యి కడుక్కుని తుడుచుకుంటూ నాతో, "రాప్పా, రేకులు తోద్దాం" అన్నారు.

"ఈ ఎండలోనా? బొమ్మ ఉడుకుతాంటాది సార్."

"ఉడకనీ."

సాయిబు పండుగని గనుల దగ్గర స్నేహితుల ఇంటికి పోయాడు. రేకులు మేమిద్దరమే తోశాం. నడినెత్తిన సూర్యుడు. కొత్త కాగితం పెట్టి, బింబం నడుమ పెన్సిలుతో ఒక చిన్న గుర్తు పెట్టారు. పెద్ద మచ్చ ఆ గుర్తు మీదికి వచ్చేటట్టు నాతో మర తిప్పించారు.

"ఇప్పుడు నేను సూర్యుణ్ణి చూడను. ఈ గుర్తునే చూస్తాంటా. నువ్వు సూర్యుణ్ణి వదిలిపెట్టు" అన్నారు.

వదిలాను. ఆయన రెండు చేతులూ పలక అంచుల మీద ఆనించి, తల కదపకుండా నిలబడ్డారు. బింబం ఉడుకుతూనే పక్కకు నడిచింది.

"పెద్దది పోతాంది" అన్నారు. "పోతాంది... దాని వెనకది గూడా పోయింది." కొంచెం ఆగారు. "ఇది పోలేదప్పా."

బింబం అంచు కూడా గుర్తు దాటిపోయింది. ఆయన చూపు తిప్పకుండానే చేత్తో నల్లగుడ్డను పైకెత్తారు. పగటి వెలుతురు ఖాళీ కాగితం మీద పడింది.

"ఈడనే ఉండాది" అన్నారు. "సూర్యుడు పోయినాడు, ఇది పోలేదు."

ఎడమ కన్ను మూశారు, తెరిచారు. కుడి కన్ను మూశారు. అప్పుడది పోయినట్టుంది, తలూపారు. ఆయన ఎడమ కన్ను చిన్నప్పటి నుంచీ మందం. ఆయన పేరంతా కుడి కంటిది.

మందు వేస్తే పోతుందేమో, కర్నూలు ఆసుపత్రిలో చూపిద్దామని ఏదో అన్నాను. ఆయన అది వినిపించుకోలేదు. మూడవ పరీక్ష ఎలా మోసపోయిందో ఆలోచిస్తున్నారు. "సూర్యుని వెంట నా కన్ను పోయింది. కన్ను వెంట ఇది పోయింది. ఇద్దరూ కలిసి పోతాంటే యాడ తేలుతాది" అన్నారు. కాగితం తీసి మడత పెట్టకుండా నా చేతికిచ్చారు. "ఎప్పట్నుంచి ఇట్లా ఉండాదో తేల్చల్ల. నువ్వు లెక్కలవాడివి. నా మొహం చూడొద్దు."

ఆ పండుగ పూటే మొదలుపెట్టాం. వెనకటి చిత్రాలన్నీ దించి, కిటికీ అద్దానికి ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాం. నిజమైన పెద్ద మచ్చలు రోజురోజుకూ తూర్పు అంచు నుంచి పడమటి అంచుకు బండ్ల వరుసలా నడిచాయి. ఒకేరోజు కనపడి మరునాడు లేని చిన్నవాటిని విడిగా తీశాను. ఒక్కొక్కటీ తన దగ్గరి పెద్ద మచ్చకు ఏ దిక్కున, ఎంత దూరాన ఉందో కొలిచి ఒక గీతల కాగితం మీద చుక్కలు పెట్టాను. పాత నెలల్లో ఆ చుక్కలు చల్లిన ఆవాల్లా అన్ని వైపులా పడ్డాయి. కిందటి వానకాలం చివరినుంచి కుడివైపు, కాస్త పైన, వడ్లగింజంత దూరాన ఒక గుంపు కట్టడం మొదలైంది. నెలనెలకూ గుంపు చిక్కబడింది.

సార్ ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. ఆ ఇంట్లో ఆయన కంటి సంగతి ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఆ వారమంతా ఆమె రాగిసంగటే చేశారు.

గుంపులోని చుక్కలు తీసేస్తే సరిపోతుందని నేనన్నాను. మిగిలినవి, గుంపు బయట పడ్డవి, మంచివే కదా అని నా వాదన. అచ్చు వేయబోయే సంపుటంలో సగం విలువ ఆ చిన్న మచ్చలదే. వాటివల్లే కదా కబురు వచ్చింది.

"గుంపు లోపల నిజమైనవి లేవా?" అని అడిగారాయన.

"ఉండొచ్చు సార్."

"గుంపు బయట అబద్ధాలు లేవా? పెద్ద మచ్చను చూడకుండా యాడనో చూస్తాండగా పెట్టినవి?"

"అవీ ఉండొచ్చు. ఒక్కొక్కటే గుర్తు చేసుకుని మీరు చెప్తే..."

"ఏది నిజమో చెప్పల్సింది ఏ కన్నప్పా? ఆ కన్నే గదా తప్పు చెప్పింది. దొంగను పిలిచి పంచాయతీ చెప్పమంటాండావు."

ఆయన ఎర్ర పెన్సిలు తీసి చెక్కారు. ఆ వానకాలం చివరినుంచి మొన్నటి ఉదయం దాకా, ఒక్కరోజు మచ్చలన్నిటినీ, నిజమో అబద్ధమో అడగకుండా, ఒక్కొక్క చిత్రం మీదా తన చేత్తోనే కొట్టేశారు. ఎడమ కంటితో చూస్తూ కొట్టేశారు. వాటిలో కొన్ని నిజంగా సూర్యుడి మీద ఉన్నాయని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. మర తిప్పిన రోజుల్లో నా కళ్ళారా చూసినవి కూడా వాటిలో ఉన్నాయి. ఒకదాని దగ్గర నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ఇది నేను గూడా చూసినా సార్."

"నువ్వు లెక్కలవాడివి. నీకు చూసే హక్కు లేదు" అని నా చెయ్యి జరిపి కొట్టేశారు.

పెద్ద కార్యాలయానికి ఉన్నది ఉన్నట్టు రాశారు. కర్నూలు ఆసుపత్రిలో డాక్టరు కంటి లోపల వెనకవైపు ఏదో కాలిన గుర్తులాంటిది ఉందనీ, అది పోయేది కాదనీ అన్నాడట. వయసులో ఉన్నప్పుడు ఒక గ్రహణాన్ని మసి పట్టించిన గాజుముక్కతో చూశానని సార్ ఒకసారి అన్నారు. అదే కారణమని ఆయనా అనలేదు, నేనూ అడగలేదు. సంపుటం కిందటి వానకాలం దగ్గరే ఆగింది. ఆయనను పని నుంచి తీసెయ్యలేదు. ఆయనే ఇద్దరి పనులూ మార్చమని అడిగారు. గీసే పని నాకు వచ్చింది. లెక్క ఆయనది. పట్టికలు చదవడానికి ఎడమ కన్ను చాలునన్నారు.

కొత్త చక్రం బిగించిన తరువాతి ఉదయం నేను మొదటిసారి గీయడానికి లోపలికి పోయాను. నియమం ప్రకారం ఆయన లోపలికి రాకూడదు. రాలేదు. రేకుల గది గోడకు ఆవల నీడలో నిలబడ్డారు. గనుల్లో ఉలి దెబ్బలు అప్పుడే మొదలయ్యాయి.

బింబం నిలిచింది. ఒక గుంపు పక్కన, మసక చుక్క ఒకటి ఉన్నట్టూ లేనట్టూ కనపడింది. నేను పెన్సిలు ఎత్తి ఆగాను. చప్పుడు లేకపోవడం ఆయనకు తెలిసింది.

"ఏమప్పా, ఏమన్నా ఉండాదా?" అన్నారు గోడకు ఆవల నుంచి.

"ఒకటి ఉన్నట్టుంది సార్."

"కాగితం జరిపినావా?"

"జరిపినా."

"అద్దం తిప్పినావా?"

"తిప్పినా."

"పెన్సిలుతో గుర్తు పెట్టి, చూపు దాని మీదనే నిలిపి, సూర్యుణ్ణి వదిలిపెట్టు."

గడియారం ఆపాను. గుర్తు మీద చూపు నిలిపాను. బింబం నడిచింది. గుంపు పోయింది. మసక చుక్కా దానితోపాటే పోయింది. అంచు దాటింది.

"ఏం మిగిలింది?"

"ఏమీ మిగల్లేదు సార్. ఖాళీ కాగితం."

గడియారం మళ్ళీ నడిపించి బింబాన్ని కాగితం మీదికి తెచ్చాను.

"అట్లయితే గీయప్పా" అన్నారు. తరువాత ఆయన చెప్పులు బండల మీద మిద్దె వైపు నడిచిపోవడం వినపడింది.